నొక్కినా పలకని కీబోర్డులు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ కాలమ్‌లో సొంతంగా చిన్న ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) రాసుకునేవాళ్ల గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో, మెయిల్ బాక్స్ నిండిపోయింది. అందులో సగం కీబోర్డు గోలే. స్క్రీన్ మీద అక్షరం వేయడం అందరికీ వచ్చేసింది, టైమర్ కూడా కొట్టుకుంటోంది, తీరా కీబోర్డు దగ్గరికొచ్చేసరికి బండి కదలట్లేదు. అందుకే ఈసారి మిగతావన్నీ పక్కనపెట్టి ఇవే తీసుకున్నా. ముందే చెప్తున్నా, ఇక్కడ పోర్టు నంబర్లు (పోర్టు అంటే ప్రాసెసర్ పరికరాలతో మాట్లాడే తలుపు), బైట్లు అన్నీ హెక్స్‌లోనే, అంటే పదహారు అంకెల లెక్కలోనే ఉంటాయి. 1సీ అంటే ఒకటి పక్కన సీ, ఎఫ్ఏ అంటే ఎఫ్ పక్కన ఏ, కంగారు పడకండి.

ప్రశ్న: అక్కా నమస్తే, మాది వరంగల్, బీటెక్ ఫైనలియర్. ప్రాజెక్టు కోసం 32 బిట్ ఓఎస్ రాస్తున్న, గ్రబ్ అనే బూట్ లోడర్‌తో బూట్ అయితది. క్యూఎము ఎమ్యులేటర్‌లో కీబోర్డు మస్తు పనిచేస్తది. అదే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి మా పాత ల్యాప్‌టాప్ మీద పెడితే ఒక్కోసారి పనిచేస్తది, చాలాసార్లు ఒక్క కీ కూడా తీస్కోదు, టైమర్ మాత్రం నడుస్తనే ఉంటది. ఇంకో విచిత్రం ఏందంటే, మా రూమ్మేట్ బూట్ చేస్తే ప్రతిసారి పనిచేస్తది, నేను చేస్తేనే చెయ్యదు, వాడు నన్ను చూసి నవ్వుతున్నడు. ఒకరోజు చిరాకేసి టైమర్ హ్యాండ్లర్‌లోనే (టైమర్ కొట్టినప్పుడల్లా నడిచే కోడ్‌ల) పోర్టు 60 చదివించిన, అంతే, అప్పటి నుంచి ఇంటరప్టులు (కీ నొక్కంగనే ప్రాసెసర్‌ని పిలిచే సిగ్నళ్లు) కూడా మంచిగ వస్తున్నయ్. ఆ లైన్ తీసేస్తే మళ్ల మొదటికే. ఇంటరప్ట్ వదిలేసి పోలింగ్ (మాటిమాటికి నేనే పోయి చూసుడు) పెట్టుకోవాల్నా?

జవాబు: తమ్ముడూ, పోలింగ్ ఏమీ వద్దు, నీకు తెలియకుండానే రోగానికి మందు వేసేశావు, కాకపోతే ఏ రోగానికో తెలియదు. నీ మెయిల్ చూడగానే నాకు అనుమానం వచ్చింది గానీ గుడ్డిగా చెప్పకూడదని రెండు సంగతులు అడిగా కదా, మిగతా పాఠకుల కోసం అవి ఇక్కడ చెప్తా. ఒకటి, గ్రబ్ మెనూ వచ్చినప్పుడు మీ రూమ్మేట్ ఏం చేస్తాడు, నువ్వేం చేస్తావు? రెండు, నీ కెర్నల్ (ఓఎస్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) మొదలవగానే, ఇంకేమీ చేయకముందే పోర్టు 64 ఒకసారి, పోర్టు 60 ఒకసారి చదివి స్క్రీన్ మూల ప్రింట్ చేసి ఫొటో పంపు అన్నా.

నీ దగ్గర్నుంచి వచ్చిన జవాబు చూసి నేనూ నవ్వుకున్నా. రూమ్మేట్ గ్రబ్‌లో ఏమీ నొక్కడు, కౌంట్‌డౌన్ 5 సెకన్లు అయ్యేదాకా ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. నీకు ఓపిక లేదు, వెంటనే ఎంటర్ కొడతావు. ఫొటోలో ఏముంది? నువ్వు బూట్ చేసినప్పుడు పోర్టు 64లో 1డీ, పోర్టు 60లో 9సీ. రూమ్మేట్ బూట్ చేసినప్పుడు పోర్టు 64లో 1సీ. ఈ రెంటికీ తేడా ఒక్క బిట్. 1డీని బైనరీలో రాస్తే 00011101, చివర్లో ఆ 1 ఉంది చూడు, అదే మొత్తం కథ. పోర్టు 64 స్టేటస్‌లో ఆఖరి బిట్ 1 అంటే 'నా దగ్గర ఒక బైట్ ఉంది, వచ్చి తీసుకో' అని అర్థం. ఆ బైట్ 9సీ. ఎంటర్ నొక్కితే 1సీ, వదిలితే 9సీ. అంటే నువ్వు గ్రబ్‌లో కొట్టిన ఎంటర్ మీద నుంచి వేలు తీసిన వార్త అన్నమాట!

ఏం జరుగుతోందంటే, నువ్వు ఎంటర్ నొక్కగానే ఆ 1సీని బయోస్ (మెషీన్‌లోనే ఉండి బూట్ మొదలుపెట్టే ప్రోగ్రామ్) తీసేసుకుంది, గ్రబ్ నీ కెర్నల్‌ని లోడ్ చేసి ఇంటరప్టులు ఆపేసి నీ చేతికి ఇచ్చేసింది, ఇదంతా కళ్లు మూసి తెరిచేలోపు అయిపోయింది, అప్పటికి నీ వేలు ఇంకా కీ మీదే ఉంది, ఆ తర్వాత ఎప్పుడో లేచింది, అప్పుడొచ్చిన 9సీని తీసుకునే నాథుడు లేడు. అది కీబోర్డు కంట్రోలర్ బఫర్‌లో కూర్చుండిపోయింది. కీబోర్డుకిచ్చిన ఇంటరప్ట్ లైన్ 1 పైకి లేచి అలాగే ఉండిపోయింది.

సరే, తర్వాతైనా నేను ఇంటరప్టులు ఆన్ చేశాను కదా, అప్పుడు రావాలి కదా అంటావు. రాదు. ఇక్కడ రెండు సంగతులు కలిశాయి. ఆ పాత 8259 ఇంటరప్ట్ కంట్రోలర్ లైన్ పైన ఉందా కింద ఉందా అని చూడదు, కింద నుంచి పైకి లేచే ఆ క్షణాన్ని చూస్తుంది, లేచినప్పుడు గుర్తు పెట్టుకుంటుంది. నువ్వు ఏం చేశావు, అందరిలాగే ఇంటరప్ట్ నంబర్లు మార్చడానికి దాన్ని రీమ్యాప్ చేశావు, అంటే 11 అనే మాట పంపి మొదట్నుంచి ఇనిషియలైజ్ చేశావు. అలా చేసినప్పుడు అప్పటిదాకా గుర్తుపెట్టుకున్న ఎడ్జ్‌లన్నీ, అంటే లేచిన క్షణాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, మళ్లీ లైన్ కిందికి దిగి పైకి లేస్తేనే కదలిక. దిగాలంటే ఎవరో ఒకరు పోర్టు 60 చదవాలి. చదవాల్సింది నీ హ్యాండ్లర్. హ్యాండ్లర్ రావాలంటే లైన్ లేవాలి.

మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పాలు పోసేవాడు ఇలాగే ఉండేవాడు. అరుగు మీద పెట్టిన గిన్నెలో పాలు పోసి ఒక్కసారి బెల్లు కొట్టి వెళ్లిపోయేవాడు, నిన్నటి పాలు గిన్నెలో అలాగే ఉంటే ఇవాళ పొయ్యడు, బెల్లూ కొట్టడు. మనం లోపల కూర్చుని ఇవాళ ఇంకా పాలవాడు రాలేదేంటి అనుకోవడమే. నీ కీబోర్డు సరిగ్గా అదే స్థితిలో ఉంది. నువ్వు టైమర్‌లో పోర్టు 60 చదవడం అంటే వెళ్లి గిన్నె ఖాళీ చేయడం, అందుకే ఆ తర్వాత అన్నీ సజావుగా వచ్చాయి.

ఒక్కోసారి నీకూ పనిచేసిందన్నావు, అది నువ్వు ఎంటర్ టక్కున కొట్టి వదిలిన రోజు, 9సీని కూడా బయోసే తీసేసుకుని ఉంటుంది. క్యూఎములో ఎందుకు రాలేదంటే నువ్వు కెర్నల్‌ని నేరుగా ఇచ్చి నడుపుతున్నావు, అక్కడ గ్రబ్బే లేదు, ఎంటర్ కొట్టే పనే లేదు.

ఇప్పుడు మందు. చిన్నది కావాలంటే, ఇంటరప్ట్ 1ని అన్‌మాస్క్ చేసే, అంటే రానిచ్చే ముందు పోర్టు 64 ఆఖరి బిట్ 0 అయ్యేదాకా పోర్టు 60 చదువుతూ పారబొయ్యి. మూడు లైన్లు. కానీ ఆ లూప్‌కి ఒక హద్దు పెట్టు, ఎందుకంటే అసలు ఈ కంట్రోలరే లేని మెషీన్ మీద ఆ పోర్టు చదివితే మామూలుగా ఎఫ్ఎఫ్ వస్తుంది, అన్ని బిట్లూ 1, ఆఖరి బిట్ ఎప్పటికీ 0 అవ్వదు, నీ కెర్నల్ అక్కడే ధ్యానంలోకి వెళ్లిపోతుంది. లైనక్స్ డ్రైవర్ 16 బైట్లు చూస్తుంది, అప్పటికీ ఖాళీ కాకపోతే కంట్రోలర్ లేదని రాసేసి ముందుకెళ్లిపోతుంది. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది.

పెద్దది, అంటే సరైనది కావాలంటే ఆ మూడు లైన్లకి ముందూ వెనకా ఇంకొంత ఉంది. ముందు పోర్టు 64కి ఏడీ, ఏ7 పంపి కీబోర్డు నోరు, మౌస్ నోరు రెండూ మూయించు. ఆ తర్వాతే గిన్నె ఖాళీ చెయ్యి. తర్వాత 20 పంపి కాన్ఫిగరేషన్ బైట్ తెచ్చుకుని, అందులో కింది రెండు బిట్లు ఆపి, అంటే ఇంటరప్టులు ఆపి, 60 కమాండ్‌తో తిరిగి రాయి. అప్పుడు సెల్ఫ్ టెస్ట్ ఏఏ పంపితే 55 రావాలి. 55 వచ్చాక ఆ కాన్ఫిగరేషన్ బైట్‌ని ఇంకోసారి రాయి, కొన్ని కంట్రోలర్లు సెల్ఫ్ టెస్ట్‌లో అన్నీ మర్చిపోతాయి, ఇది చాలామంది వదిలేసే మెట్టు. ఏబీ పంపితే 00 వస్తే పోర్టు బాగుంది. ఏఈ పంపి కీబోర్డు నోరు తెరువు, కీబోర్డుకి రీసెట్ ఇవ్వు, చివర్లో మాత్రమే ఇంటరప్ట్ బిట్ ఆన్ చేసి, అన్నిటికన్నా ఆఖర్న 8259లో అన్‌మాస్క్ చెయ్యి. ఏ బైట్ రాసే ముందైనా స్టేటస్‌లో చివరి నుంచి రెండో బిట్ 0 అయిందో లేదో చూడాలి, చూడకుండా రాస్తే వేగంగా ఉన్న మెషీన్ల మీద నీ మాట గాల్లో కలిసిపోతుంది.

ముందు నోరు మూయించమని ఎందుకంటున్నానో నా సొంత అనుభవం ఒకటి చెప్తా. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మేం బిల్లింగ్ మెషీన్లకి ఒక చిన్న బూట్ ప్రోగ్రామ్ రాశాం. ఆఫీసులో వందసార్లు చూశాం, బాగుంది. ఒక బట్టల షాపు నుంచి మాత్రం రోజూ పొద్దున్నే ఫోన్, కీబోర్డు చచ్చిపోయింది అని. మనిషి వెళ్లి చూస్తే బాగుంటుంది. మూడు కీబోర్డులు మార్చాం. చివరికి నేనే షాపు తెరిచే టైముకి వెళ్లి కూర్చున్నా. గుమస్తా గారు వచ్చారు, దేవుడికి దండం పెట్టుకున్నారు, చేతిలో ఉన్న లావుపాటి చిట్టా పుస్తకాన్ని కీబోర్డు మీద పెట్టి, వంగి స్విచ్ వేశారు. అంతే సంగతి! పుస్తకం బరువుకి ఏదో కీ నొక్కుకుపోయి ఉంది, అది బైట్లు పంపుతూనే ఉంది, మా ప్రోగ్రామ్ సెల్ఫ్ టెస్ట్‌కి 55 వస్తుందని చూస్తుంటే ఆ కీ తాలూకు బైట్ వచ్చింది, మా కోడ్ కంట్రోలర్ పాడైపోయింది అని తేల్చేసి కీబోర్డు లేకుండానే ముందుకెళ్లిపోయింది. తప్పు గుమస్తా గారిది కాదు, నూటికి నూరుపాళ్లు మాదే. నీ కెర్నల్ లేచేసరికి కీబోర్డు ఖాళీగా, చేతులు కట్టుకుని నిలబడి ఉంటుందని ఎప్పుడూ అనుకోకు తమ్ముడూ, నీకంటే ముందు బయోస్, గ్రబ్ దాన్ని వాడేసి ఎలా ఉన్నదాన్ని అలా వదిలేసి పోతాయి.

ఇంకొకటి, మొదటి కీ ఒక్కటి వచ్చి ఆ తర్వాత ఆగిపోతోంది అని రాసినవాళ్లు నలుగురున్నారు. మీది వేరే జబ్బు. హ్యాండ్లర్‌లో పోర్టు 60 చదవకుండా వచ్చేస్తున్నారా, లేకపోతే పని అయిపోయిందని 8259కి పోర్టు 20 మీద 20 పంపడం మర్చిపోయారా చూసుకోండి, నూటికి తొంభైసార్లు ఈ రెంట్లో ఒకటే.

ప్రశ్న: అక్కా, మాది కాకినాడ, డిప్లొమా చదువుతున్నాను. నా డ్రైవర్‌లో ఇంగ్లీషు అక్షరం ఏ నొక్కితే కొత్త లైన్‌కి వెళ్లిపోతోంది, అదీ రెండుసార్లు. డీ నొక్కితే హెచ్ హెచ్ పడుతోంది, బీ నొక్కితే ఎమ్ ఎమ్. కీ కోడ్‌ని అక్షరంగా మార్చే టేబుల్ పదిసార్లు చెక్ చేశాను, అందులో తప్పు లేదు. కీబోర్డు పాడైందేమో అని అన్నయ్యది తెచ్చి పెట్టినా అదే. నిన్నటిదాకా బానే ఉండేది, ఒక ట్యుటోరియల్ చూసి ఇనిషియలైజేషన్ అంతా పద్ధతిగా మార్చాక ఇలా అయింది.

జవాబు: చెల్లీ, ముందుగా నీకు దండం పెట్టాలి, ఏది నొక్కితే ఏది పడుతోందో ఇంత చక్కగా రాసినందుకు. చాలామంది 'పిచ్చి అక్షరాలు వస్తున్నాయ్' అని రాసి ఊరుకుంటారు, దాన్ని పట్టుకుని నేనేం చెప్పను. నీ టేబుల్ కరెక్టే, కీబోర్డూ కరెక్టే, మధ్యలో దుబాసీని పంపించేశావు.

1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు కీబోర్డు పంపే కోడ్లని ఇప్పుడు మనం సెట్ 1 అంటాం. 1984లో పీసీ ఏటీ వచ్చేసరికి కీబోర్డు భాష మార్చేశారు, అది సెట్ 2. మరి పాత ప్రోగ్రాములన్నీ ఏమవ్వాలి? అందుకని మదర్‌బోర్డు మీద 8042 అనే చిప్ పెట్టి, కీబోర్డు సెట్ 2లో చెప్పేదాన్ని సెట్ 1లోకి మార్చి పైకి పంపే పని దానికి అప్పగించారు. ఆ దుబాసీ పని ఇన్నేళ్ల తర్వాత ఇవాళ్టికీ నడుస్తూనే ఉంది. కాన్ఫిగరేషన్ బైట్‌లో బిట్ 6 దాని స్విచ్. నువ్వు చూసిన ట్యుటోరియల్‌లో ఆ బిట్ ఆపేయమని ఉండి ఉంటుంది, అది తప్పేం కాదు, కానీ ఆపితే సెట్ 2 టేబుల్ వాడాలి, నీ దగ్గరున్నది సెట్ 1 టేబుల్.

లెక్క చూడు. ఏ అక్షరానికి సెట్ 2లో కోడ్ 1సీ. సెట్ 1లో 1సీ అంటే ఎంటర్. డీకి సెట్ 2లో 23, సెట్ 1లో 23 అంటే హెచ్. బీకి 32, అది సెట్ 1లో ఎమ్. అన్నీ సరిపోయాయా? ఇక రెండుసార్లు ఎందుకు పడుతోందంటే, సెట్ 1లో కీ వదిలితే అదే కోడ్ పై బిట్ 1 చేసి పంపుతారు, ఏ నొక్కితే 1ఈ, వదిలితే 9ఈ. సెట్ 2లో అలా కాదు, వదిలినప్పుడు ముందు ఎఫ్0 వచ్చి, వెనకే మళ్లీ అదే 1సీ వస్తుంది. నీ కోడ్ ఎఫ్0ని చూసి పై బిట్ 1 ఉంది కాబట్టి ఏదో కీ వదిలారులే అని వదిలేస్తోంది, తర్వాతొచ్చిన 1సీని కొత్తగా నొక్కినట్టు అనుకుంటోంది. నొక్కినప్పుడొకటి, వదిలినప్పుడొకటి. కావాలంటే కీ నొక్కి పట్టుకుని నెమ్మదిగా వదిలి చూడు, రెండో అక్షరం సరిగ్గా వేలు లేపినప్పుడే పడుతుంది, నువ్వే నవ్వుకుంటావు. (మరీ ఎక్కువసేపు పట్టుకోకు, ఆటో రిపీట్ మొదలై వరదలా వచ్చేస్తాయి.)

దీనికి అడ్డం తిరిగిన కేసు కూడా ఉంటుంది, టేబుల్ సెట్ 2ది పెట్టుకుని దుబాసీని ఆపకుండా ఉంచేస్తే ఏ నొక్కితే 2 పడుతుంది, ఎందుకంటే 1ఈ అంటే సెట్ 2లో అంకె 2. కాబట్టి ఎవరికైనా ఏ నొక్కితే ఎంటర్ వచ్చిందా, అంకె 2 వచ్చిందా అని అడిగితే చాలు, జబ్బు ఎటువైపుందో ఫోన్లోనే చెప్పేయొచ్చు. నా సలహా అయితే బిట్ 6 ఆన్ చేసేసి సెట్ 1తోనే ఉండు, నీ టేబుల్ ఎలాగూ అదే. బయోస్ ఆన్‌లో ఉంచిందో ఆఫ్‌లో ఉంచిందో అని ఊహించకుండా నువ్వే రాయి.

ప్రశ్న: మేడమ్, బెంగళూరులో ఎంబెడెడ్ పని చేస్తున్నాను, సొంతూరు అనంతపురం. మా బోర్డు మీద కీబోర్డుకి ఎఫ్ఎఫ్ (రీసెట్) పంపితే ఎఫ్ఏ (అందింది) వస్తోంది, ఆ తర్వాత రావాల్సిన ఏఏ (పరీక్ష పాసయ్యాను) రావట్లేదు, టైమౌట్ అయి డ్రైవర్ బయటికొచ్చేస్తోంది. ఎమ్యులేటర్‌లో మాత్రం ఎప్పుడూ ఫెయిల్ అవ్వలేదు. కీబోర్డు లైట్లు మూడూ ఒకసారి వెలిగి ఆరుతున్నాయి. వింత ఏంటంటే, డీబగ్ ప్రింట్లు పెడితే పనిచేస్తోంది, తీసేస్తే పనిచేయట్లేదు.

జవాబు: లైట్లు వెలిగి ఆరుతున్నాయంటే మీ రీసెట్ కీబోర్డు దాకా వెళ్లింది, అది తనని తాను పరీక్ష చేసుకుంటోంది, సగం సమస్య అక్కడే తీరిపోయింది. ఆ పరీక్షకి మామూలు కీబోర్డుకి 500 నుంచి 750 మిల్లీసెకన్లు పడుతుంది. ఎమ్యులేటర్‌లో పరీక్ష చేసుకునేది ఎవరూ లేరు కాబట్టి ఏఏ వెంటనే వచ్చేస్తుంది, నిజం కీబోర్డు మాత్రం దాని టైమ్ అది తీసుకుంటుంది. మీ టైమౌట్ ఎలా రాశారు? లక్షసార్లు తిరిగే లూప్ అయితే అది టైమౌట్ కాదు, ఒక్కో ప్రాసెసర్ మీద ఒక్కో రకంగా అయిపోతుంది, డీబగ్ ప్రింట్లు పెడితే లూప్ నెమ్మదించి ఏఏ వచ్చేదాకా నిలబడుతోంది, తీసేస్తే ముందే అలిసిపోతోంది. టైమర్‌తో నిజమైన మిల్లీసెకన్లు లెక్కపెట్టండి. ఎంత పెట్టాలంటే, లైనక్స్‌లో మామూలు కమాండ్‌కి 500 మిల్లీసెకన్లు ఆగుతారు, ఈ రీసెట్ ఒక్కదానికి మాత్రం 4000 ఆగుతారు, అంటే 4 సెకన్లు. మరీ అంతా అనిపిస్తుంది గానీ ఎన్ని రకాల కీబోర్డులు చూశాక ఆ అంకె పెట్టారో ఆలోచించండి. ఎఫ్సీ వస్తే పరీక్ష తప్పినట్టు, ఎఫ్ఈ వస్తే 'వినపడలేదు మళ్లీ చెప్పు' అన్నట్టు, ఎఫ్ఈకి మూడుసార్ల దాకా తిరిగి పంపండి.

ప్రశ్న: నా డెస్క్‌టాప్‌కి ఉన్నది యూఎస్‌బీ కీబోర్డు. నా ఓఎస్‌లో యూఎస్‌బీ డ్రైవరే లేదు, అయినా పోర్టు 60లో కీలు వస్తున్నాయి! ఎలా? ఇలాగే నమ్ముకోవచ్చా?

జవాబు: అది బయోస్ దయ. మీ ఓఎస్‌కి కనపడకుండా వెనక నుంచి యూఎస్‌బీ కీబోర్డుని తనే చదివి, అక్కడ 8042 ఉన్నట్టు నాటకం ఆడుతుంది. బయోస్ సెటప్‌లో లెగసీ యూఎస్‌బీ అని కనిపించేది ఇదే. ఆ నాటకం ఆటంత సేపే, మీరు యూఎస్‌బీ కంట్రోలర్‌ని మీ చేతుల్లోకి తీసుకోగానే తెర పడుతుంది, బయోస్ బదులు యూఈఎఫ్ఐ అనే ఫర్మ్‌వేర్ ఉన్న కొత్త మెషీన్ల మీద అసలు మొదలే కాకపోవచ్చు. పైగా నాటకంలో సెల్ఫ్ టెస్టులు, రీసెట్లు అచ్చం అసలు చిప్ ఇచ్చినట్టే వస్తాయని గ్యారంటీ లేదు. నేర్చుకోవడానికి వాడుకోండి, దాని మీద ఇల్లు కట్టుకోకండి. ఏసీపీఐలో (మెషీన్ తన హార్డ్‌వేర్ వివరాలు ఓఎస్‌కి చెప్పే ఏర్పాటు) ఎఫ్ఏడీటీ అనే టేబుల్ ఉంటుంది, అందులో బూట్ ఆర్కిటెక్చర్ ఫ్లాగ్స్‌లో బిట్ 1 చూస్తే 8042 ఉందో లేదో ఆ మెషీనే చెప్తుంది, వెర్షన్ 2 నుంచి ఉంది ఇది.

ప్రశ్న: అమ్మా, నేను గుంటూరులో రిటైరైన లెక్కల మాస్టారిని. మనవడు కొత్త ల్యాప్‌టాప్ కొనిచ్చి అందులో లైనక్స్ వేసి వాడి ఊరు వెళ్లిపోయాడు. గ్రబ్ అనే మెనూలో బాణం గుర్తులు పనిచేస్తాయి, లాగిన్ దగ్గరికొచ్చాక కీబోర్డు అసలు కదలదు. పాత యూఎస్‌బీ కీబోర్డు తగిలించి నెట్టుకొస్తున్నాను. షాపువాడు కీబోర్డు మార్చాలంటున్నాడు. మార్చమంటావా?

జవాబు: మాస్టారూ నమస్కారం, పైసా ఖర్చు పెట్టకండి. గ్రబ్‌లో పనిచేస్తోందంటే బటన్లు, తీగలు అన్నీ బాగున్నట్టే. అక్కడ కీబోర్డుని చదివేది మెషీన్‌లోని ఫర్మ్‌వేర్, లాగిన్ దగ్గర చదివేది లైనక్స్, చెయ్యి మారే చోట ఏదో తేడా వచ్చింది.

లెక్కల మాస్టారు కాబట్టి మీకు నచ్చే పద్ధతి చెప్తా. యూఎస్‌బీ కీబోర్డుతో టెర్మినల్ తెరిచి ప్రాక్ ఫోల్డర్‌లో ఇంటరప్ట్స్ అనే ఫైల్‌ని క్యాట్ కమాండ్‌తో చూడండి. ఎడమవైపు 1 అని మొదలయ్యే లైన్, చివర ఐ8042 అని ఉంటుంది. ఆ అంకెలు కాగితం మీద రాసుకోండి. ల్యాప్‌టాప్ కీబోర్డు మీద ఏదో అక్షరం పదిసార్లు నొక్కి, మళ్లీ చూడండి. నొక్కినప్పుడొకటి, వదిలినప్పుడొకటి, కాబట్టి మొత్తం 20 పెరగాలి. పెరిగితే కీబోర్డు మాట కెర్నల్ దాకా వస్తోంది, తేడా ఆ పైన ఎక్కడో ఉంది. లైన్ ఉండి అంకె కదలకపోతే ఇంటరప్ట్ దారి తప్పింది. కొన్ని ఏఎండీ రైజెన్ ల్యాప్‌టాప్‌లలో ఇంటరప్ట్ 1 ఎలా సెట్ చేయాలనే దాని మీద మెషీన్ చెప్పేదానికీ లైనక్స్ అనుకునేదానికీ పొంతన కుదరక అచ్చం ఇలాగే అయ్యేది, ఏ మోడల్‌కి ఏది నమ్మాలో కెర్నల్‌లోనే ఒక జాబితా రాస్తూ వస్తున్నారు, అందుకని ముందు కెర్నల్ అప్‌డేట్ చేయండి, చాలామందికి దాంతోనే పోతుంది. అసలు ఆ లైనే లేకపోతే డీమెసేజ్ (dmesg) కమాండ్ కొట్టి ఐ8042 అని ఉన్న లైన్లు వెతకండి, కంట్రోలర్ కనపడలేదు అని ఉంటే మీ కీబోర్డు ఐ2సీ అనే ఇంకో దారిలో కలిపినదై ఉండొచ్చు, అప్పుడు కథ వేరు.

అప్‌డేట్ తర్వాత కూడా అంతే ఉంటే ఒక ప్రయోగం. గ్రబ్ మెనూలో ఇంగ్లీషు అక్షరం ఈ నొక్కండి, అక్కడ మీ కీబోర్డు పనిచేస్తుందిగా. లైనక్స్ అని మొదలయ్యే లైన్ చివరికి వెళ్లి ఒక ఖాళీ వదిలి ఐ8042.రీసెట్ అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎఫ్10 కొట్టండి. అది పనిచేయకపోతే మళ్లీ బూట్ చేసి ఐ8042.నోమక్స్, అదీ కాకపోతే ఐ8042.నోపీఎన్‌పీ, ఒక్కోసారి ఒక్కటే, మూడూ కలిపి వేస్తే దేనివల్ల బాగైందో తెలియదు, మీకు నేను చెప్పేదేముంది. ఇవి ఆ ఒక్క బూట్‌కే, మెషీన్‌కి ఏమీ కాదు. ఏది పనిచేసిందో నాకు రాయండి, శాశ్వతంగా పెట్టే పద్ధతి మీ మనవడికి ఫోన్లో నేనే చెప్తా.

లాగ్ పంపాల్సి వస్తే ఐ8042.డీబగ్ ఆన్ చేసి పంపండి. అందులో ఇనిషియలైజేషన్ బైట్లు కనిపిస్తాయి, మీరు కొట్టే కీలు మాత్రం మామూలుగా దాచే ఉంచుతుంది, పాస్‌వర్డ్‌లు బయటపడకూడదని. అన్‌మాస్క్ అనే ఇంకో ఆప్షన్ ఉంది, ఎవరు చెప్పినా, చివరికి నేను చెప్పినా సరే, అది ఆన్ చేసిన లాగ్ ఎవరికీ పంపకండి.

ప్రశ్న: 'కీబోర్డు దొరకలేదు, కొనసాగడానికి ఎఫ్1 నొక్కండి' అని వస్తుంది పాత కంప్యూటర్లో. ఇది రాసినవాడికి బుద్ధుందా?

జవాబు: ఉంది. కీబోర్డు లేకపోతే తెచ్చి తగిలించి, అప్పుడు నొక్కమని. తప్పు దొరికినప్పుడల్లా ఆగి ఎఫ్1 అడిగే కోడ్ ఒక్కటే ఉంటుంది, అన్ని తప్పులకీ అదే మాట అతికిస్తుంది, కీబోర్డు వంతు వచ్చేసరికి జోకు అయిపోయింది. పీఎస్2 కీబోర్డు అయితే మాత్రం ఆపేసి తగిలించండి, నడుస్తుండగా గుచ్చి పీకే అలవాటు పెట్టుకోవద్దు.